పిన్నికి పోయలేని నీళ్లు

కువైట్‌లో మావాళ్లం ఆరుగురం ఉండేవాళ్లం. పెద్దమ్మ నర్సు. పిన్ని జహ్రాలో ఒకరింట్లో పనిచేసేది. ఇద్దరు బావలు, ఒక అక్క అబూ హలీఫాలో. నేను ఒక పత్రిక డెస్కులో. గుంటూరు దగ్గరి మా పల్లెలో కొద్ది గడపలవాళ్లం యూదులం. నా చిన్నప్పటిదాకా చర్చికి వెళ్లినవాళ్లమే కాబట్టి వీసా కాగితాల్లో క్రైస్తవులమనే రాశాం. ఆ దేశంలో ఇంకోలా రాసే వీలు లేదు.

శుక్రవారం సెలవు. ఫింటాస్‌లో పెద్దమ్మ ఫ్లాట్‌లో కలిసేవాళ్లం. మా విశ్రాంతి దినం ఆ సాయంత్రమే మొదలవుతుంది, పొద్దు గూకేముందు దీపాలు పెట్టాలి. పిన్ని చీకటి పడకముందే జహ్రా చేరాలి. అందుకని గంట ముందే పెట్టించేది. పెద్దమ్మ గొణిగితే, "దేవుడు సర్దుకుంటాడక్కా, మా మామా ఆగదు" అనేది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

పక్క ఫ్లాట్ల తెలుగువాళ్లు ప్రార్థన కూడిక అనుకునేవాళ్లు. అనుకోనిచ్చాం. క్రిస్మస్‌కి వాళ్ల విందుకు కూడా వెళ్లేవాళ్లం. పిన్నయితే చర్చి సభ్యుల పుస్తకంలో పేరు కూడా రాయించుకుంది. అదొక రక్షణ అనుకుంది.

2003లో ఇరాక్ యుద్ధం మొదలైంది. కువైట్ మీదికొచ్చిన క్షిపణులు ఎక్కడ పడ్డాయో వార్త దిద్దేది నేనే. రెండో వారంలో ఒక పగటి సైరన్‌కి పిన్ని ఆ ఇంటి పిల్లల్ని లోపలి గదిలోకి చేర్చి అక్కడే కూలిపోయింది. గుండె అన్నారు.

మేం వెళ్లేసరికి మార్చురీ దగ్గర చర్చి పెద్దలున్నారు. మంచివాళ్లు. సైరన్ల మధ్యే తిరిగి కాగితాలన్నీ పూర్తిచేశారు. శవానికి కుళ్లకుండా మందు ఎక్కించి, పెట్టెలో పెట్టి, విమానం దొరికినప్పుడు పంపడమే మిగిలింది.

మాలో పోయినవాళ్లను ఇంటి ఆడవాళ్లే కడుగుతారు. తెల్ల నూలుగుడ్డ చుట్టి ఒక్కరోజులో మట్టిలో పెడతారు. మందులుండవు, పెట్టె ఉండదు. ఎందరి శవాలనో శుభ్రం చేసిన పెద్దమ్మ, చెల్లెలి దగ్గరికి పోనివ్వమని బతిమాలింది. మార్చురీ గుమస్తా ఒప్పుకోలేదు.

"నువ్వు పేపరోడివి గదరా, నీ మాటింటారు. అడుగు," అంది నాతో.

అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెబితే మిగిలిన ఐదుగురి ఇఖామాలు, అక్కడ ఉండనిచ్చే కాగితాలు, ఏమవుతాయో తెలియదు. మందు ఎక్కించకుండా పంపలేరా అని మాత్రం అడిగాను. విమానంవాళ్లు తీసుకోరు, ఖలాస్ అన్నాడు. చర్చివాళ్లు పాట ఎత్తుకున్నారు. మేమూ పాడాం. మాటలు మాకింకా గుర్తున్నాయి.

పదకొండో రోజున పెట్టె పల్లెకు చేరింది. అమ్మ ఫోన్ చేసింది. మూతకు మేకులు కొట్టి ఉన్నాయట, పైన శిలువ, తెరవొద్దని డాక్టరు కాగితం. ఆడవాళ్లు నీళ్లు కాచుకుని కూర్చున్నారట.

"తెరవమంటావా? మా అక్క ఏమందో చెప్పు."

పెద్దమ్మ డ్యూటీలో ఉంది. అన్ని రోజులకు ఇళ్లకు చేరిన పెట్టెలు తెరిస్తే లోపల ఎలా ఉంటుందో డెస్కుకొచ్చే ఫొటోల్లో నేను చూశాను. తెరవొద్దని పెద్దమ్మే చెప్పిందన్నాను.

అమ్మ సరేనంది. ఫోన్ పెట్టేయడం మర్చిపోయింది. ఎవరో నీళ్లు పారబోస్తున్న చప్పుడు వినిపించింది.