చలిపొద్దున టైరు గాలి

పలాస స్టేషను ముందు మా ట్రక్కులు ఆగేసరికి తెల్లవారుతోంది. తుఫాను దాటి ఒక రోజైంది. వాన వెలిసి ఉత్తరపు గాలి తిరిగింది. చలి మొదలైంది. కరెంటు స్తంభాలన్నీ నేల మీదున్నాయి. మా హవల్దారు మలయాళీ. పడిపోయిన కొబ్బరిచెట్లను ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"నీది ఏ ఊరు?" అన్నాడు చివరికి.

"టెక్కలి, సాబ్."

"అయితే దారులు తెలుసుగా. మోటారుసైకిలు నీదే."

లీవు అడిగితే దొరకని ఊరికి ఆర్డరు మీద వచ్చాను. సైన్యంలో ఇలాంటి వేళాకోళాలు మామూలే.

కాశీబుగ్గలో ఒక బడిలో మకాం. చెట్లు పడి లారీలు కదలని దారుల్లో మోటారుసైకిలు మీద మందులు, కబుర్లు చేరవేయడం నా పని. రోజూ పొద్దున్నే, ఇంజను స్టార్టు చేయకముందే, గేజి పెట్టి టైర్లలో గాలి చూసేవాణ్ణి. కొండల్లో పనిచేసినప్పుడు పట్టుకున్న అలవాటు. పట్టపగలు సరిగ్గా నింపిన గాలి చలిపొద్దున రెండు మూడు పాయింట్లు దిగిపోయి ఉంటుంది. మా వైర్‌లెస్ ఆపరేటరు ఊరుకునేవాడు కాదు. "టైరుకి జ్వరమా ఏంటి, రోజూ చూస్తావు?" అనేవాడు.

మూడో రోజు ఆరుంబావుకి ఆర్డరొచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం ఒడ్డు ఊళ్లో, చేపల వేటకెళ్లే దానయ్య భార్య నీలమ్మకి డయాలసిస్ తప్పిపోయింది. ఊపిరి అందడం లేదు. పలాసలో మిషను జనరేటరు మీద నడుస్తోంది. ఎలాగైనా తీసుకురావాలి. కాలి పంపు నా దగ్గర లేదు. రబ్బరు పడవకి గాలి కొట్టడానికి పట్టుకెళ్లారు.

చెట్ల మధ్య దూరుకుంటూ వెళ్లాను. ఊరికి ముందు తారు రోడ్డు కోసుకుపోయింది. మిగిలింది ఒడ్డున ఇసుక దారి. ఆ ఊళ్లవాళ్లు చేపల బుట్టలతో ఇసుకలో పోవాలంటే టైరులో గాలి సగానికి పైగా తీసేస్తారు. తారెక్కాక పంక్చరు షాపులో నింపుకుంటారు. తరతరాల అలవాటేం కాదు, బండ్లొచ్చినప్పటి నుంచి అంతే. నేనూ అదే చేశాను. ఇంకో దారి లేదు.

నీలమ్మ ముఖం ఉబ్బిపోయి ఉంది. నేను నడిపాను, ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టి దానయ్య వెనకనుంచి పట్టుకున్నాడు. ఇసుక దాటి తారెక్కాం. జంక్షన్‌లో పంక్చరు షాపు ఉంది. కరెంటు లేదు, కంప్రెసరు లేదు, షాపుకి తాళం.

దానయ్య వెనక టైరు బొటనవేలితో నొక్కాడు. "గట్టిగుంది బావా. సాలు. ఎలిపోదుం."

వాళ్లకి వేలే గేజి. ఎండలో ఆ వేలు తప్పు చెప్పదు. చలికి బిగిసిన రబ్బరు మాత్రం గాలి లేకపోయినా గట్టిగానే తగులుతుంది. నా గేజి పన్నెండు చూపించింది. ముగ్గురికి ముప్ఫై రెండు కావాలి. అలాగే పోతే ట్యూబు మెలితిరిగి వాల్వు తెగిపోతుంది. అప్పుడు పంపు దొరికినా దండగే.

"అది గాలి కాదు బావా, చలి," అన్నాను. నమ్మాడు. పంపు కోసం ఇళ్లవైపు పరిగెత్తాడు.

నేను వైర్‌లెస్ సెట్టు ఎత్తాను. "పేషెంటు జంక్షన్‌లో ఉంది. పంపు పంపండి."

"పంపు పడవతో ఏటి అవతలుంది. అంబులెన్సు చెట్ల దగ్గర ఆగిపోయింది. ఆగగలవా?" అన్నాడు ఆపరేటరు.

"నేను ఆగగలను. ఆవిడ ఆగలేదు."

సెట్టులో గరగర మొదలై మాట తెగిపోయింది. ఆ గరగరని ఇప్పటికీ తిట్టుకుంటాను.

దానయ్య పాత సైకిల్ పంపు తెచ్చాడు. లోపలి తోలు ఎండిపోయి సగం గాలి బయటికే పోతోంది. కొబ్బరినూనె పోసి తడిపాడు. కొట్టడం మొదలుపెట్టాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. "నువ్వు దాన్ని పట్టుకో బావా, పడుకుంటే ఊపిరాడదు."

నీలమ్మని చెట్టు మొద్దు మీద కూర్చోబెట్టి వీపు వెనక అరచెయ్యి ఆనించాను. నా కోటు కప్పాను. "సలేత్తంది తమ్ముడూ," అంది. తర్వాత, "ఆడు పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు," అంది. ఆమె ఊపిరి తీసినప్పుడల్లా వీపు నా అరచేతిని నెట్టేది. గేజిలో పద్దెనిమిది. ఇరవై మూడు. రెండో చేత్తో గేజి పెట్టి చూస్తూ, దేవుడా, ఇంకొంచెం ఆగు అని లోపల అరుస్తున్నాను.

ఇరవై ఎనిమిది దగ్గర నా అరచేతిని నెట్టడం ఆగిపోయింది.

మెడ మీద నాడి చూశాను. మళ్లీ చూశాను. లేదు. దానయ్య ముఖం టైరువైపే ఉంది, చెమట కారుతోంది, పంపు ఆగలేదు. గేజి పెట్టాను. ముప్ఫై రెండు.

"ఎంతైంది బావా?"

అయిందంటే ఆపేస్తాడు. ఆపితే ఇటు తిరుగుతాడు.

"ఇంకొంచెం," అన్నాను.

పదిహేను రోజులకి మా ట్రక్కులు తిరిగి వెళ్లాయి. ఇప్పుడు రిటైరై టెక్కలిలో ఉంటున్నాను. సరిహద్దులో ఏం చూశావని అందరూ అడుగుతారు, ఏదో చెబుతాను. చలి తిరిగిన పొద్దున బండి దగ్గర కూర్చుని గేజి పెట్టినప్పుడు మాత్రం దానయ్యే కనబడతాడు. నా మాట నమ్మి, భుజంతో ముఖం తుడుచుకుని, మళ్లీ పంపు మీదికి వంగుతూ.