కాపలా వచ్చిన అప్పలనాయుడు

బరువు తగ్గాలని నెల్లిమర్లలో మేం నడక మిత్రులమంతా అన్నం మానేశాం. ఎవరు చుట్టాలింటికి వెళ్లినా ఇంకొకరు కాపలాగా వెళ్లాలని షరతు. ఇవాళ గరివిడిలో మా చెల్లెలింటికి నాతో అప్పలనాయుడు వచ్చాడు. మనిషి గట్టివాడే, చేపల పులుసు వాసన తగలనంతవరకు.

నేను అన్నం వద్దనగానే చెల్లెలు గరిటె కింద పెట్టేసింది.

“ఏటన్నయ్యా, మొన్న పెళ్లిలో మా ఆయన నోరు జారినాడని ఇంకా కోపమేనా? మా ఇంట మెతుకు ముట్టవా?”

మా వైపు అన్నం వద్దంటే అలిగినట్టే. షరతులు పెట్టుకున్నప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. చెల్లెలి కళ్లలో నీళ్లు చూసి కంచం ముందుకు జరిపాను.

“నాకూ ఎయ్యమ్మా! నాకు మాత్రం కోపమేటి?” అన్నాడు అప్పలనాయుడు.

చెల్లెలు ఫక్కున నవ్వేసింది. కోపం లేదని నేను ఒక్క వాయి అన్నంతో నిరూపించాను. అతను గిన్నె అడుగు కనిపించేదాకా నిరూపిస్తూనే ఉన్నాడు. మీ ఎరుకలో నిఖార్సైన కాపలా మనిషి ఉంటే చెప్పండి.