చెక్కకుండా వదిలిన రేకు

మా ఇంటి దర్వాజ ఫొటో నేనిప్పుడు ఎవరికీ చూపించను. అప్పట్లో అడగకపోయినా చూపించేవాణ్ణి. పసుపు వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో మా ముత్తాత ఆర్మూర్‌లో కట్టించిన ఇల్లు అది. ఒకసారి హైదరాబాద్ బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకు ఫోన్ అందించాను.

"చెక్కినాయన పనిదొంగ, కాకా. గీ పైన తామరపువ్వుకు ఒక రేకు చెక్కకుండనే పోయిండు. మొన్న రంగులేసినప్పుడు మిషిన్‌తోని నేనే చెక్కిచ్చిన," అన్నాను.

ఆయన ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"మర్శిపోలే బిడ్డా, కావాల్ననే ఇడిసిపెట్టిండు. గిది మా తాత చెక్కిన దర్వాజనే. పని నిండుగ చేస్తే ఇంటికి దిష్టి తగుల్తదని ఆయన ప్రతి దర్వాజకు ఒక రేకు ఇడిసిపెట్టేటోడు."

'పనిదొంగ' అన్న నా మాట నాకే మళ్లీ వినిపించింది.

డిచ్‌పల్లిలో దిగబోతూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్ల నిండా పాత ఉలిగాట్లు.

"ఇంట్ల అందరు మంచిగున్నరా, బిడ్డా?"

ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. కాదు. ఆయన నిజంగానే మా కోసం భయపడుతున్నాడు.