చెల్లెలి కోసం కట్టిన జలపాతం

1962 నాటి మాట. పదహారేళ్ల మా చెల్లెలు సుశీల క్షయతో, తోటపల్లి గూడూరులోని మా ఇంట్లో కిటికీ పక్కన మంచం పట్టింది. రోజూ సూదిమందు వేయించేవాళ్లం.

"జలపాతం చప్పుడు ఒక్కసారన్నా వినాలనుందన్నా," అంది ఒకరోజు.

కిటికీ కింద పెరట్లో చిన్న కొలను తవ్వాను. దాని అంచున రాళ్లు పేర్చి, పైన తొట్టి కట్టాను. నెల పట్టింది. ఈమధ్య పిలిస్తే సుశీల సరిగా పలకడం లేదని అమ్మ అంటే, నీరసమేలే అనుకున్నాను.

ఆ ఉదయం అమ్మా నేనూ బావి నీళ్లు తోడి తొట్టి నింపాం. వినడానికని సుశీల కళ్లు మూసుకుంది. బిరడా లాగాను. నీళ్లు గలగలమంటూ రాళ్ల మీద నుంచి కొలనులోకి దూకాయి.

"ఇంకా ఇడవలేదా అన్నా? ఎంతసేపు కళ్లు మూసుకోమంటావు?" అంది.

కళ్లు తెరిచి, పడుతున్న నీళ్లను చూసింది.

"చప్పుడు లేదేందన్నా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ప్రాణం నిలబెట్టిన మందే వినికిడిని తీసుకుపోయిందని, అది తిరిగి రాదని డాక్టరు గారు చెప్పారు. సుశీల జబ్బు నయమైంది. అంతే చాలని అందరితో అంటాను. కానీ ఆ నెల రోజులూ పెరట్లో కాక తన మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పివుంటే, కనీసం నా గొంతైనా ఇంకాస్త వినేది కదా!