ఏం తీస్తారో చెప్పండి సార్

చింతామణి మార్కెట్‌కు టమోటా బాక్సులు ఎత్తడం వల్లనే నడుం నొప్పి అనుకుంటూ చాలాకాలం నెట్టుకొచ్చాను. చివరికి బెంగళూరులో పరీక్షలు చేసి, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని, అప్పటికే ఎముకలకు పాకిందని చెప్పారు. ఇప్పుడు ఆ గ్రంథిని తీసేసినా లాభం లేదు, ఆపరేషన్ వద్దు అన్నాడు అక్కడి డాక్టరు.

నెల తిరక్కముందే చిక్కబళ్ళాపురలో ఇంకో డాక్టరు, "చిన్న ఆపరేషన్ చేసుకుంటే మేలప్పా" అన్నాడు.

ఒకరు వద్దంటారు, ఒకరు కావాలంటారు. ఇద్దరిలో ఎవరో నన్ను మోసం చేస్తున్నారనుకున్నాను. పైగా చిక్కబళ్ళాపుర డాక్టరు నా కొడుకును పక్కకు పిలిచి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మా ఊరు బాగేపల్లికి తిరిగొచ్చే బస్సులో వాడు నా ముఖం చూడకుండా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. నాకిక ఎక్కువ రోజులు లేవని, అది దాచడానికే ఈ ఆపరేషన్ మాట అని తీర్మానించుకున్నాను. ఇంట్లో ఎవరు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళినా నా చెవి అటే ఉండేది.

మరుసటిసారి నా భార్య కూడా వచ్చింది. డాక్టరు "చిన్న ఆపరేషనమ్మా" అనగానే అడ్డం తగిలింది.

"చిన్నదో పెద్దదో మాకెందుకు సార్. యాడ కోస్తారు, ఏం తీస్తారు, అది చెప్పండి."

డాక్టరు మా వాడి వైపు చూశాడు. వాడు తల వంచుకున్నాడు.

"వృషణాలు తీసేస్తామమ్మా. వాటిలో తయారయ్యే హార్మోనే ఈ రోగానికి తిండి. అది ఆగితే రోగం అణుగుతాది, పూర్తిగా పోదు. ఇది వద్దంటే కొన్ని నెలలకొకసారి ఇంజెక్షన్ వేసుకుంటా ఉండొచ్చు."

బెంగళూరులో వద్దన్న ఆపరేషన్ వేరు, ఇది వేరు. తండ్రితో ఈ మాట ఎట్లా చెప్పాలో తెలియక మా వాడు ముఖం తప్పించాడు.

"దీన్నా నువ్వు దాస్తాండేది?" అంది ఆమె వాడితో. "నేను ఇంకేమో అనుకొని కూడు తినలేకుండా ఉండాను."

ఇంటికొచ్చాక, "నీకేమీ అనిపించదా?" అని అడిగాను.

"నొప్పి లేకుండా నువ్వు పండుకుంటే నాకు సాలు," అంది. నిజంగానే అంటోందా అని ఆమె ముఖం వైపు చాలాసేపు చూశాను. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

కొన్ని వారాలకే నొప్పి బాగా తగ్గింది. ఆ హార్మోన్ ఆగిపోయినందుకు చలికాలంలో కూడా ఉన్నట్టుండి ఒళ్ళు వేడెక్కి చెమటలు పడతాయి. రక్తపరీక్ష బాగుందని చెప్పినప్పుడల్లా, ఆ రిపోర్టు నాదేనా అని ఇప్పటికీ అడుగుతాను.