కదలకూడని గడి

బందరులో నేను పనిచేసిన రక్తపరీక్షల ల్యాబు ఒకే ఒక్క గది. దాన్ని నడిపే పెద్దాయన్ని మాస్టారు అనేదాన్ని. గుడివాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, దాంతోపాటు మూడు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి ఆయన దగ్గర చేరాను. ఆయనేమో లెక్కలన్నీ గీతల పుస్తకంలో పెన్నుతో చేసేవారు. ఆ పుస్తకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పోరి పోరి ఒక పాత కంప్యూటర్ కొనిపించాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఆ రోజుల్లో నా సంగతీ అంతే.

హిమోగ్లోబిన్ పరీక్ష అప్పట్లో ఎలా చేసేవాళ్లమో చెప్పాలి. ట్యూబులో మందునీళ్లు పోసి చుక్క రక్తం కలిపితే రంగు వస్తుంది. రక్తంలో బలముంటే రంగు చిక్కగా ఉంటుంది. ఆ రంగు ఎంతో మిషన్ ఒక అంకె చూపిస్తుంది. బలం పదిహేను అని ముందే తెలిసిన సీసా ఇంకొకటి ఉంటుంది, దాన్ని స్టాండర్డ్ అంటారు. పేషెంటు అంకెను స్టాండర్డ్ అంకెతో భాగించి, పదిహేనుతో హెచ్చిస్తే జవాబు వస్తుంది. ఎంతమంది వచ్చినా అందరినీ ఆ ఒక్క స్టాండర్డ్‌తోనే పోల్చాలి. మాస్టారు రోజూ పేజీ పైన ఆ అంకె వేసి, చుట్టూ ఎర్ర సిరాతో పెట్టె గీసేవారు. ఆ పెట్టెను చూసి నేను నవ్వుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున కొత్త స్టాండర్డ్ సీసా తెరిచాం. దాని అంకె మారింది. అప్పటిదాకా ప్రతి వరుసలోనూ ఆ అంకెను చేత్తో కొట్టేదాన్ని. ఇక నుంచి ఆ బాధ ఎందుకని దాన్ని కంప్యూటర్ షీటులో, పేషెంట్ల అంకెలకి సరిగ్గా పై గడిలో పెట్టి, మొదటి పేషెంటు వరుసలో సూత్రం రాశాను. పక్క గడిని పై గడితో భాగించు, పదిహేనుతో హెచ్చించు. క్యాలిక్యులేటర్ మీద సరిచూశాను, పద్నాలుగు. సరిపోయింది. ఆ సూత్రాన్ని మౌసుతో పట్టుకుని కింది వరుసలన్నిటికీ లాగేశాను.

సూత్రాన్ని కిందికి లాగితే అందులోని గడులు కూడా కిందికి జరుగుతాయని, జరగకూడని గడికి డాలర్ గుర్తులు పెట్టాలని గుడివాడ సారు చెప్పాడు. నా నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. తెలియక చేసిన తప్పైతే ఇంత కాలం గుచ్చుకునేది కాదు.

ఆ పూట అయిదుగురు వచ్చారు. చివరి ఇద్దరూ హంసలదీవి దగ్గరి పల్లెవాళ్లు, చేపలమ్ముకునే తోడికోడళ్లు. చిన్నామెకు నెలలు నిండాయి. పక్క వీధి నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ పంపింది. చిన్నదానికి పరీక్ష రాస్తే పెద్దామె తనకూ చేయమని చెయ్యి చాపింది. పెద్దామెకు ఏడున్నర వచ్చింది. చిన్నామెకు పద్నాలుగు పాయింట్ రెండు. రిపోర్టులు ప్రింటు తీసి ఇచ్చాను. డాక్టరమ్మ చూసి పెద్దామెకు మందులు రాసి, బరువులు ఎత్తొద్దంది. చిన్నామెతో రక్తం బాగుంది, కాన్పుకి ఇంత దూరం రానక్కర్లేదు, ఊళ్లోనే చేయించుకోమంది. వెళ్తూ వెళ్తూ చిన్నామె లోపలికొచ్చి ఆ మాట నాకూ చెప్పి సంతోషపడింది.

మధ్యాహ్నం ట్యూబులు కడుగుతున్నాను. చివరి రెండూ చేతిలోకి తీసుకుంటే కిటికీ వెలుతురు వాటి మీద పడింది. రెండూ ఒకే రంగు. రెండూ పలచగా, బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. ఒకటి ఏడున్నర, ఇంకొకటి పద్నాలుగు ఎలా అవుతాయి?

కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి ఆఖరి గడి మీద నొక్కాను. చిన్నామె అంకెను భాగించింది స్టాండర్డ్ కాదు, పై వరుసలో ఉన్న పెద్దామె అంకె. వరుస వరుసకీ సూత్రం ఒక్కో మెట్టు దిగిపోయి, ప్రతి మనిషినీ వాళ్ల ముందు మనిషితో కొలిచింది. రక్తం లేని మనిషి పక్కన పెడితే రక్తం లేని మనిషి నిక్షేపంగా కనిపించింది. చేత్తో లెక్క కట్టాను. మధ్య ఇద్దరికీ తేడా కొద్దిగానే వచ్చింది. పెద్దామెకు ఆరు. చిన్నామెకు ఆరు కూడా లేదు. ఆ రక్తంతో పల్లెలో కాన్పైతే, కాస్త ఎక్కువ పోయినా మనిషి దక్కదు.

మాస్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశారు. తర్వాత డ్రాయర్లోంచి బస్సు డబ్బులు తీసి నా చేతిలో పెట్టారు.

"అవనిగడ్డలో బస్సు మారాలి వాళ్లు. అక్కడే పట్టుకో. మిషన్ పాడైందని మాత్రం చెప్పకు. నువ్వు తప్పు చేశావని చెప్పు."

నిజానికి నా నోట్లో సిద్ధంగా ఉన్నది ఆ మిషన్ మాటే. ఆయనకెలా తెలిసిందోనని ఏడుపొచ్చింది.

వాళ్ల బస్సు వెళ్లి ముప్పావుగంట అయింది. నా బస్సు చల్లపల్లిలో ఆగింది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు.

"ఏవండీ, మనుషుల ప్రాణాలు పోతుంటే టీ తాగుతారా?" అని కండక్టరు మీద అరిచాను.

"ఎవరివమ్మా పోతున్నాయి?" అన్నాడతను కంగారుగా.

హంసలదీవి బస్సు వెళ్లిపోతే ఆ పల్లెలో ఏ ఇంటికని వెళ్లాలి? రిజిస్టర్లో పేర్లూ వయసులూ తప్ప ఏమీ రాసుకోలేదు. బస్సు కదిలేవరకూ ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను.

అవనిగడ్డ బస్టాండులో హంసలదీవి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. జనం ఎక్కుతున్నారు. వెనకవైపు మెట్ల దగ్గర ఇద్దరూ కనిపించారు. చిన్నామె రెండు చేతుల్లోనూ రెండు బరువు సంచులున్నాయి. అంత పొట్టతో, ఆ రెండిటితో మెట్టెక్కబోతోంది. పెద్దామె ఖాళీ చేతులతో వెనక నిలబడి ఉంది.

"ఎక్కొద్దు! దిగండి!" అని కేక పెట్టాను.

దగ్గరికెళ్లి ముందు సంచులు లాక్కున్నాను.

"ఇందాకటి ల్యాబు అమ్మాయివి గదా? ఇయ్యి మా సంచులేనమ్మా," అంది చిన్నామె నవ్వుతూ. "మా అక్కకి రగతం లేదన్నారుగా, బరువులు మొయ్యొద్దన్నారు. నాకు బాగుంది గదాని నేనే పట్టుకున్నా."

"మీకూ లేదు. ఆవిడకన్నా తక్కువుంది. నేనే తప్పు లెక్క కట్టాను. లెక్క తప్పింది నాదే, మిషన్‌ది కాదు," అన్నాను.

చిన్నామె నవ్వు ఆగిపోయింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. పెద్దామె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె తోడికోడలి భుజం పట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టింది.

తిరుగు బస్సులో ముగ్గురం బందరు వచ్చాం. మర్నాడు చిన్నామెకు రక్తం ఎక్కించారు. తొమ్మిది రోజులకు నర్సింగ్ హోమ్‌లో కాన్పైంది. రక్తం చాలా పోయింది. తల్లీ బిడ్డా దక్కారని చెప్పాక, "అదే ఊళ్లో అయ్యుంటే..." అని డాక్టరమ్మ మిగతాది మింగేసింది.

మాస్టారు కంప్యూటర్ తీసేయలేదు. షీటులో పై గడి చుట్టూ ఎర్ర గీత పెట్టమన్నారు, అంతే. నేను ఎర్ర గీతా పెట్టాను, డాలర్లూ పెట్టాను. మొదటి వరుసతో పాటు ఆఖరి వరుసనూ చేత్తో కట్టి చూడకుండా అప్పట్నుంచి ఒక్క రిపోర్టు ఇవ్వలేదు.

అయినా నన్ను వదలనిది ఆ తిరుగు బస్సులో పెద్దామె అన్న మాట. నా ఒళ్లోని సంచుల వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"మేం ఇద్దరం ఒకే కుండలో కూడు తింటాం. ఒకే గంప మార్చుకుంటా మోస్తాం. నాకు ఏడూ, దానికి పద్నాలుగూ ఎట్టా వచ్చుద్దని అప్పుడే అనుకున్నానమ్మా. నిన్నడుగుదామని గడప దాకా వచ్చా. కాగితం మీద ఉంది గదా, నాకేం తెలుసులే అని ఎనక్కిపోయా."