పళవేర్కాటి దేశమ్మక్క

పోయిన శనివారం అమ్మను చూడడానికి తిరుత్తణి లోకల్ రైల్లో వెళ్తున్నాను. తిరువళ్ళూరులో ఒకామె ఎండుచేపల బుట్టతో ఎక్కింది. ఆ వాసనకు పెట్టెలో సగం మంది ముక్కులు మూసుకున్నారు. నా పక్కనున్న అమ్మాయి లేచి తలుపు దగ్గరకు పోయి నిలబడింది. ఖాళీ అయిన చోటు చూపించి కూర్చోమన్నాను. ఆమె నమ్మలేనట్టు నన్నొకసారి చూసి, బుట్టను కాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుంది. తిరువాలంగాడులో ఆమె దిగిపోయాక కూడా ఉప్పూ ఎండా కలిసిన ఆ వాసన నా కొంగును వదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చేప నోట పెట్టనిదాన్ని. అయినా ఆ వాసన తగిలితే చాలు, నాకు దేశమ్మక్క గుర్తొస్తుంది. మళ్ళీ చెన్నైకి తిరిగి వచ్చేదాకా ఆ రెండు రోజులూ ఆమే నా వెంట ఉంది.

మాది తిరుత్తణి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. పెళ్ళయిన ఏడాదికే మా ఆయనకు బ్యాంకు ఉద్యోగంలో పళవేర్కాడుకు బదిలీ అయింది. పటాల్లో పులికాట్ అని రాస్తారు. ఒకవైపు ఉప్పునీటి సరస్సు, ఒకవైపు సముద్రం. మాకు దొరికింది ఒకే కప్పు కింద రెండు వాటాలున్న ఇల్లు. రెండో వాటాలో దేశమ్మక్క ఒంటరిగా ఉండేది. తెలుగు మాట్లాడే జాలరి కుటుంబం ఆమెది. పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు వేలంలో పాడుకుని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి పొన్నేరి సంతలో అమ్మేది. నలభై ఐదేళ్ళుంటాయేమో. మొగుడు ఆమెను వదిలేసి, అదే ఊళ్ళో రెండు వీధుల అవతల సెల్వి అనే ఆమెతో కాపురం పెట్టి అప్పటికే పదేళ్ళు. ఈ సంగతి దేశమ్మక్క నాకు చెప్పలేదు. మేం సామాను దించిన రోజే పాలామె, నీళ్ళు తెచ్చే ఆమె, ఇంటి యజమాని భార్య ముగ్గురూ వేర్వేరుగా చెప్పారు.

వాసన భరించలేక మొదటి వారమంతా కిటికీలు మూసుకుని ఉన్నాను. ఆ ఉక్కలో వంట చేస్తూ ఏడ్చేదాన్ని. ఒకరోజు లేచి చూస్తే, మా కిటికీ కింద ఉండే, చేపలు ఎండబెట్టే చాపలు పెరడు దాటి అవతల గోడ పక్కన ఉన్నాయి. అక్కడ ఎండ సగం రోజే పడుతుంది.

"చాపలు ఆడికి మార్చినావే అక్కా?" అన్నాను సిగ్గుపడుతూ.

"గాలి మారినాది పాపా," అంది.

గాలి మారలేదని ఇద్దరికీ తెలుసు. నేను ఆ రోజు కిటికీలన్నీ తెరిచాను.

ఆ ఏడాది వానలకు ముందు నాకు గర్భం పోయింది. మూడు నెలలు నిండాక చెబుదామని అమ్మకు కూడా చెప్పలేదు. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. ఆస్పత్రి నుంచి వచ్చి గోడకు తిరిగి పడుకున్నాను. మా ఆయన బ్యాంకుకు పోగానే దేశమ్మక్క స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గడపలో కూర్చునేది. ఏమైందని అడగలేదు. దేవుడిచ్చినప్పుడే అనలేదు. ఇంకా వయసుందిలే అనలేదు. ఒడిలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తూ ఉండేది. మధ్యాహ్నానికి నాలుగు వీధుల అవతల, చేపలు ముట్టని శెట్టిగారింటి నుంచి నా కోసం చారన్నం అడిగి తెచ్చేది. తన ఇంటి వంట నేను తిననని అనుకుని, నన్ను అడిగి ఇబ్బంది పెట్టడం కూడా ఇష్టంలేక అంత దూరం నడిచింది. నాలుగో రోజు, చింతపండు మీంచి చూపు తిప్పకుండానే అంది.

"నాకు గూడా రెండు పోయినాయి పాపా."

అప్పుడు గోడ వైపు నుంచి ఇటు తిరిగాను. ఆమె కాళ్ళ దగ్గర తల పెట్టి, ఇరవై మూడేళ్ళ వయసులో చంటిపిల్లలా ఏడ్చాను. మర్నాడు ఆమె శెట్టిగారింటికి బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుని, "నీ ఇంటి గంజి పొయ్యి అక్కా," అన్నాను. ఆమె కొత్త కుండ తెచ్చి కాచింది.

ఇంకో ఏడాది, కార్తీక మాసంలో, నలుగురు వేటకు పోయిన పడవొకటి తెల్లవారేసరికి రావలసింది రాలేదు. పొద్దు పదికల్లా ఊరంతా ఒడ్డున ఉంది. ఆ నలుగురిలో దేశమ్మక్క మొగుడొకడు. కబురు వినగానే ఆమె చేపలు కోస్తున్న కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని బయలుదేరింది. నేనూ వెంట పోయాను. ఆడవాళ్ళు గుంపులుగా ఉన్నారు. సెల్వి మాత్రం కాస్త ఎడంగా, నీళ్ళకు దగ్గరగా ఇసుకలో కూలబడి ఉంది. దేశమ్మక్క తిన్నగా పోయి ఆమె పక్కన కూర్చుంది. పదేళ్ళకు పైగా వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ అటే తిరిగి చూశారు.

"అక్కా..." అంది సెల్వి.

"ఏం మాట్లాడబాక. సముద్రాన్ని చూస్తా ఉండు."

"నేనేం చేయాల అక్కా?" అని నేను మెల్లగా అడిగాను.

"ఏం చేస్తావు? నువ్వూ కూకో."

కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చి పడమటికి దిగింది. మూడు గంటలప్పుడు ఒక పెద్ద పడవ, ఇంజను చెడిపోయిన ఆ చిన్న పడవను తాడు కట్టి లాక్కొస్తూ కనిపించింది. జనం అలల్లోకి పరిగెత్తారు. సెల్వి కూడా పరిగెత్తింది. దేశమ్మక్క లేచి చీరకంటిన ఇసుక దులుపుకుని, అతని ముఖమైనా చూడకుండా ఇంటి దారి పట్టింది.

దారిలో ఒక ముసలామె ఆపింది. "ఏమ్మే దేశమ్మా, ఇంగా ఆశ చావలేదా నీకు?"

"పడవలో నలుగురుండారు అవ్వా," అని నడుస్తూనే అంది.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టించబోతే ఆమె చేతిలో వరసగా మూడు అగ్గిపుల్లలు విరిగిపోయాయి. నేను ముట్టించి, బియ్యం కడిగి పెట్టాను.

మూడేళ్ళు నిండాక మాకు చెన్నైకి బదిలీ అయింది. నాలుగో అంతస్తులో ఇల్లు. అంతస్తుకు నాలుగు తలుపులు, నాలుగూ ఎప్పుడూ మూసే ఉంటాయి. మొదట్లో నాకు ఊపిరాడేది కాదు. మా పాప పుట్టిన నెలకు, ఎదురింటాయన ఇల్లు మారిపోయి వారమైందని వాచ్‌మన్ చెబితే తెలిసింది. ఆ రోజు దేశమ్మక్కకు ఫోన్ చేసి, మన ఊరే నయమని చాలాసేపు చెప్పుకున్నాను. ఆమె ఊఁ కొట్టిందే కానీ అవుననలేదు.

కొన్నేళ్ళకు కంటి ఆపరేషన్ కోసం ఆమే చెన్నై వచ్చి మా ఇంట్లో మూడు వారాలుంది. కంటికి కట్టు తీసి, బయట తిరగవచ్చని డాక్టరు చెప్పాక, పొద్దున్నే సిటీ బస్సెక్కి పోవడం మొదలుపెట్టింది. ఎక్కడికని అడిగితే నవ్వేది. చివరి రోజు సాయంకాలం బాల్కనీలో కూర్చుని, ఇక్కడ పలకరించే దిక్కు లేదని నేను నొచ్చుకుంటుంటే, ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"నాకు బాగుండాది పాపా ఈ ఊరు. బస్సులో ఒకామె పక్కన కూకున్నా. యాడ దిగాల అని అడిగినాది, అంతే. నీ మొగుడు యాడ అని అడగలా. మా ఊర్లో నేను పొయ్యే చోటికి నా కత ముందే పోయి కూకోనుంటాది. ఈడ నేనొక్కదాన్నే పోతాండా."

పళవేర్కాడులో ఉన్న ఆ మూడేళ్ళూ ఆమె వీధిలో నడిచినప్పుడల్లా వెనక వినిపించే గుసగుసలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఆమె పక్కనే నడిచినదాన్ని, అవి నాకెందుకు పట్టలేదో తెలియలేదు. నన్ను ఆదరించిన ఊరే ఆమెను రోజూ కొంచెం కోస్తూ వచ్చింది.

"అట్లయితే ఈడనే ఉండిపో అక్కా, మాతోనే."

ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "వద్దులే. పడవ రాకపోతే ఈడ ఎవురి పక్కన పోయి కూకునేది?"

రెండేళ్ళ కిందట నా ఫోన్లో ఆమె పేరు వచ్చింది. ఎత్తితే సెల్వి గొంతు. అక్క పోయిందని చెప్పింది. అదే రోజు వెళ్ళాను. పాత ఇంటి గడపలో సెల్వి కూర్చుని ఉంది.

"అక్క మంచాన పడిన ఆరు నెల్లూ గంజి నేనే పోసినా. ఆయన వచ్చి చూస్తానన్నాడు, అక్క వద్దన్నాది. నన్ను మాత్రం వద్దన్లేదు," అంది. చీకటి పడేదాకా ఆమె పక్కన కూర్చుని, ఆఖరి బస్సుకు వచ్చేశాను.

మొన్న వేసవిలో మా అంతస్తులోకి ఒక అమ్మాయి ఒంటరిగా అద్దెకు వచ్చింది. మెడలో తాళి ఉంది, భర్త జాడ లేదు. లిఫ్టులో ఇద్దరు ముగ్గురు నన్ను ఆరా తీశారు. తెలియదన్నాను. తెలుసుకోవాలని కూడా నేను ప్రయత్నించలేదు. ఒక ఆదివారం ఆ తలుపు వెనక దగ్గు ఆగకుండా వినిపిస్తుంటే, చారన్నం కలుపుకుని పోయి తలుపు తట్టాను. ఒళ్ళు కాలిపోతోంది. మాత్ర వేయించి, తడిగుడ్డ వేసి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఒంటరిగా ఎందుకున్నావని మీరు అడగరా ఆంటీ?"

"నీకు చెప్పాలనిపిస్తే విందాం. ఇప్పుడు లేచి రెండు ముద్దలు తిను."

ఆ అమ్మాయి మెల్లగా లేచి కూర్చుంది. గిన్నె ఆమె చేతికిచ్చి, తినడం అయ్యేదాకా అక్కడే ఉన్నాను.